భీమిలి రాయిని పొడిచిన పొట్టేలు

కాశయ్య నోరు మంచిదే గానీ దానికి కళ్ళెం లేదు. పోయిన వారం అర్ధవీడు రోడ్డు మీద, నాగజ్యోతి టీ కొట్టు ముందు పదిమంది వింటుండగా, మార్కాపురం ఇనాయతుల్లా ఎర్రోణ్ణి చూసి బాగుందన్నాడు. ఎర్రోడంటే కాశయ్య పొట్టేలు. ఆ ఒక్క మెచ్చుకోలుకే కాశయ్య పొంగిపోయి, "నీ కంటికి నచ్చినాక అది నాది కాదు అల్లుడూ, బక్రీదుకు తోలుకుపో" అనేశాడు. ఇంటికి చేరాక గానీ తనేమన్నాడో తనకే తెలిసిరాలేదు. తల్లి చచ్చిపోతే సీసాతో పాలుపట్టి పెంచిన జీవం అది. మంచం కోడుకు ఆనుకుని పడుకుంటుంది, టీకి వస్తే వెనకాలే వస్తుంది. భార్య రమణమ్మ ఆనాటి నుంచి అన్నం పెడుతోంది గానీ మాట్లాడటం లేదు.

ఇచ్చిన మాట తప్పితే కాశయ్యకు ఊళ్ళో పరువుండదు. కానీ తీసుకునేవాడే వద్దంటే ఎవరి తప్పూ లేదు గదా. కుర్బానీ ఇచ్చే జీవానికి లోపం ఉండకూడదనీ, కొమ్ము మొదలంటా విరిగినది పనికిరాదనీ ఇనాయతుల్లా నాయన కాలం నుంచి ఆ ఇంటికి పొట్టేళ్ళు ఇస్తున్న కాశయ్యకు బాగా తెలుసు. ఎర్రోడి కొమ్ములు మాత్రం మెలి తిరిగి నిక్షేపంగా ఉన్నాయి. ఇక వాటిని మాటలతోనే విరగ్గొట్టాలి.

ఈ సాయంత్రం ఇనాయతుల్లా కొత్త తాడు తీసుకుని టీ కొట్టుకే వచ్చాడు. కాశయ్య రెండు గుక్కలు టీ తాగి, గొంతు సవరించుకున్నాడు.

"తోలుకుపో అల్లుడూ, నాదేం లేదు. కాకపోతే దాచకూడదు. ఎర్రోని కుడి కొమ్ము లోపల్లోపల విరిగిపోయింది. పైకి కనపడదు. మేం ఉత్తరాదికి పోయినప్పుడు జరిగినాది ఇది."

ఎప్పుడు పోయావన్నా అని నాగజ్యోతి అడిగింది. అడక్కపోయినా చెప్పేవాడే.

"గడ్డి దొరకని ఏడు మందను తోలుకోని పోయినా. కృష్ణ దాటినా, గోదారి దాటినా, విశాఖపట్నం గూడా దాటినా. భీమిలి కాడ సముద్రం అడ్డమొచ్చినాది గాబట్టి ఆగినా, లేకుంటే ఇంకా పోతానే ఉందును."

బెంచీ చివర కూర్చున్న ఏలీయా టీ గ్లాసులోకి చూసుకున్నాడు. మార్కాపురం పలకరాయి లోడు వేసుకుని విశాఖ వెళ్ళే లారీ డ్రైవరతను. భీమిలి ఒడ్డున తీసిన వీడియోలన్నీ ఇదే బెంచీ మీద కాశయ్యకు ఫోన్లో చూపించాడు. అయినా పెద్దాయన ముచ్చట చెడగొట్టడం ఇష్టంలేక ఊరుకున్నాడు.

అక్కడి ఎర్రమట్టి దిబ్బల దగ్గర మొదలుపెట్టాడు కాశయ్య. వానలకు కోసుకుపోయి సందులు సందులుగా ఉంటాయట, లోపలికి పోతే దారి తెలియదట. ఎర్రోడు అంతకుముందు పాలలా తెల్లగా ఉండేవాడట. ఆ దిబ్బల్లో మూడు రోజులు తప్పిపోయి బయటికొచ్చేసరికి ఇదుగో, ఈ రంగు పట్టుకుందట. ఎన్ని సబ్బులు అరగదీసినా వదల్లేదట. మట్టి ఎర్రగా ఉండేది నిజమేనని ఏలీయా అన్నాడు. ఒక్క సాక్షి దొరికేసరికి కాశయ్యకు రెక్కలొచ్చాయి.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? దప్పికైంది. తొట్లకొండ ఎక్కినాం. రెండువేల ఏండ్ల కింద బౌద్ధ సన్యాసులు వాననీళ్ళ కోసం కొండరాతిలో తొట్లు తొలిచిపెట్టినారు. ఎర్రోడు ఒక్క తొట్టి మిగల్చలా. కావాలంటే ఏలీయాను అడుగు, అవి ఎండిపోయినాయా లేదా."

"ఎండాకాలం పోయినా, అందుకే ఎండినాయనుకున్యా" అన్నాడు ఏలీయా.

భీమిలిలో హాలండు దొరల గోరీలున్నాయట. వాటి మధ్య ఎర్రోడు మేస్తుంటే ఒక దొర లేచి కూర్చుని, మూడొందల ఏళ్ళ నిద్ర చెడగొట్టిందెవరని గద్దించి, వీడి కొమ్ములు చూసి మళ్ళీ రాయి మీదికి లాక్కుని పడుకున్నాడట. ఏ భాషలో గద్దించాడని నాగజ్యోతి అడిగింది.

"తెలుగే. మూడొందల ఏండ్లు ఈ నేలలో పండుకోని ఉంటే రాదా ఏంది?"

అప్పటికి బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కూడా బెంచీ చుట్టూ చేరారు.

"ఇంక అసలు సంగతి. ఒడ్డున కొండంత రాయి ఉండాది. అల ఒకటొచ్చి ఎర్రోని మొహం మీద కొట్టినాది. వానికి కోపమొచ్చినాది. వెనక్కి నడిచినాడు, తల వంచినాడు, ఉరికినాడు. అల తప్పుకుంది, రాయి తప్పుకోలా. ఈ పక్క దూరి ఆ పక్క తేలినాడు. ఇప్పుడు జనమంతా ఆ బొక్కలో నిలబడి ఫోటోలు దిగుతా, సముద్రం తొలిచిన తోరణమని చెప్పుకుంటా ఉండారు. ఎర్రోని పేరు ఎవురూ ఎత్తరు."

"అయితే కొమ్ము అక్కడే విరిగింది" అన్నాడు ఇనాయతుల్లా మెల్లగా, సానుభూతిగా.

అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. కానీ అన్ని కళ్ళు తననే చూస్తుంటే ఆగడం కాశయ్య వల్ల కాలేదు. అక్కడ సగమే విరిగిందనీ, మిగతా సగం హుద్‌హుద్ తుఫాను వచ్చిననాడు వీడు ఎదురుపోయి దాన్ని పొడిచినప్పుడు విరిగిందనీ, ఆ పోటుకే అది భీమిలిని వదిలి పక్కకు తిరిగిందనీ చెప్పి తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

ఇనాయతుల్లా గ్లాసు కింద పెట్టి లేచాడు. ఎర్రోడి దగ్గరికి పోయి, బొటనవేలితో కింది పెదవి దించి చూశాడు.

"నాలుగు పళ్ళు. రెండేండ్ల జీవం. ఆ తుఫాను వచ్చి పదేండ్లు దాటింది మామా. పుట్టకముందే పోయి పొడిచినాడా?"

కొట్టంతా ఘొల్లున నవ్వింది. పళ్ళు చూసి వయసు చెప్పడం ఇనాయతుల్లాకు నేర్పింది కాశయ్యే. మాటిచ్చినా గదా, తోలుకుపో అని గొణిగి, కొత్త తాడు అందుకుని ఎర్రోడి మెడకు ముడి వేయబోయాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వేసిన ముడే, చేతులకు రాలేదు. అది మేతకేమో అనుకుని కాశయ్య వేళ్ళు నాకింది.

ఇనాయతుల్లా తాడు వెనక్కి తీసుకున్నాడు. "ఇయ్యబుద్ధి కాలేదని ఒక్క మాటంటే పోయేది గదా మామా. నీ మనసు కోసుకోని ఇస్తే, అది నీ కుర్బానీ అయితాది గానీ నాదెట్ల అయితాది?"

కాశయ్యకు దుఃఖం పొంగుకొచ్చింది. తువ్వాలుతో మొహం తుడుచుకుని, మందలో ఇంకో నాలుగు పళ్ళ పొట్టేలుందనీ, పొద్దున్నే తెచ్చి అప్పగిస్తాననీ అన్నాడు.

"అదేమన్నా సముద్రం కాడికి పోయినాదా?" అని అడిగాడు ఇనాయతుల్లా.

"లేదు అల్లుడూ. అదైనా, నేనైనా మార్కాపురం దాటి పోలా."