పైగీత మీద సిలువ

గుంటూరులో, పెన్నుతో తెరమీద వెబ్‌సైట్ పేజీలు గీయడం నేర్పే చోట ఆ రోజు పరీక్ష. ఇద్దరు ఆడవాళ్లు పక్కపక్కన కూర్చున్నారు.

"అక్కా, నా పేజీ మొత్తం మాయమైంది! సారు వచ్చేస్తున్నారు."

"ఏం గీశావే?"

"ఏం గీయలేదు. అయిపోయాక పేజీ చుట్టూ గీసిన గడి పైగీత మీద చిన్న సిలువ పెట్టా, అంతే."

"పిచ్చిదానా! గీత మీద అడ్డంగా కొడితే ఆ గడంతా చెరిపెయ్యమని అర్థం దానికి."

"అయ్యో! తప్పితే మళ్లీ మిరపకాయల తొడిమలు తీసుకోవడమేనక్కా నా బతుకు."

"ఏడవమాక. ఆ వెనక్కి తిరిగిన బాణం నొక్కు."

"స్తోత్రం ప్రభువా, వచ్చింది!"

"ఇక పెన్ను కింద పెట్టు. సారు చూసేదాకా ముట్టుకోవద్దు."

"సిలువ పెట్టకుండా ఇంతవరకు ఒక్క పేపరూ ఇవ్వలేదక్కా. దీన్నెట్లా ఇచ్చేది?"