ఊడదీసి బిగించిన బెంచీ

ఆరాధన ముగిసి జనమంతా అన్నాలకు పోయినా, వడ్రంగి మాత్రం చర్చిలో బెంచీ కింద దూరి మేకులు కొడుతూనే ఉన్నాడు. పాస్టరుగారు వచ్చి పక్కన నిలబడ్డారు.

“పోయిన వారమే బాగుచేశావు కదయ్యా దీన్ని?”

“మళ్లీ ఊగుతోందండి.”

“ఊగదూ మరి. నిన్న నువ్వే కాలు ఊడదీస్తుంటే మా ఆవిడ చూసింది.”

వడ్రంగి నోట్లోని మేకు తీశాడు.

“విరిగిన బెంచీలన్నీ బాగుచెయ్యడం అయిపోయిందండి. తమ్ముణ్ణి కట్టుబట్టలతో గెంటిన పాపం మాత్రం తీరలేదు.”

“తమ్ముడూ మన్నించాడు, ప్రభువూ మన్నించాడు. ఇంకేం కావాలి?”

“మన్నింపు ఊరికే ఎలా తీసుకుంటానండీ? ఏదో ఒకటి చెయ్యాలిగా.”

“ఆ ప్రభువూ వడ్రంగేనయ్యా. చెయ్యాల్సిందంతా సిలువ మీద చేసేశాడు. ఆయన బిగించింది ఊడదీసి నువ్వు మళ్లీ బిగిస్తానంటావేంటి?”

వడ్రంగి సుత్తి పట్టుకునే బెంచీ కిందనుంచి బయటికి వచ్చాడు.

“అయితే నన్నేం చెయ్యమంటారు?”

“కూర్చో.”

కూర్చున్నాడు.

“ఊగుతోందండి.”

“ఊగనీ.”

వడ్రంగి సుత్తి కింద పెట్టాడు.