బాస్ కోసం కొన్న రీలు

న్యూజిలాండ్‌లోని హాబ్సన్‌విల్ జెట్టీ మీద గిరిధర్ మురిపెంగా కొత్త గాలపు రీలు తిప్పి చూపించాడు.

"చవకదే గానీ లోకేశ్, పూచికపుల్లంత ఎర కట్టి విసిరినా దారం చిక్కు పడట్లేదు చూడు! రోజూ లాన్‌లో ప్రాక్టీస్ చేశా."

"బాగుందన్నా. ఇంతకీ ఏ చేపకి?"

"బాస్‌కి! అమెరికా వాళ్ల వీడియోలన్నీ చూసే కొన్నా."

"అన్నా... న్యూజిలాండ్‌లో ఆ అమెరికా బాస్ లేదు."

గిరిధర్ రీలు తిప్పడం ఆపేశాడు.

"చెరువుల్లో కూడానా?"

"దేశంలోనే లేదన్నా."

"ఒక్కటి కూడా?"

"ఒక్కటి కూడా. మరి పోయిన ఆదివారం పెద్ద చేప పట్టి, జాలేసి వదిలేశావని వదిన చెప్పిందే?"

"బాసేనని చెప్పా రా! అది నమ్మే, నేను మళ్లీ ఒకటి పట్టుకొస్తానని పొద్దున్నే పులుసుకి చింతపండు నానబెట్టి, వీధిలో తెలుగువాళ్లందర్నీ ఇవాళ భోజనానికి పిలిచేసింది!"