గుమ్మడికాయ తప్పు కాదు

వంటింట్లో ఏడు నెలల మనవడు నానమ్మ ఒళ్లో ఉన్నాడు. వాడి బుగ్గల మీద దద్దుర్లు చూసి, కోడలు, వాడికి పెడుతున్నవన్నీ రాసి ఫ్రిజ్‌కి అంటించిన కాగితంలో ‘గుమ్మడికాయ’ కొట్టేయబోయింది.

“దాన్ని కొట్టేయకమ్మా. దాని తప్పేం లేదు.”

“మూడు రోజులుగా వీడికి కొత్తగా పెట్టింది అదొక్కటే కదా, అత్తయ్యా?”

“పొద్దున గోరంత ఉడికించిన గుడ్డు పెట్టాను. నా పళ్లెం వంకే చూస్తుంటే మనసాగలేదు.”

“ఏది పడట్లేదో తెలియాలంటే ఒక్కొక్కటే పెట్టమన్నారు కదా డాక్టరు. ఇందాక అడిగితే చెప్పలేదేం?”

“చెబితే, ఎల్లుండి వీణ్ణి నాకు వదిలి ఉద్యోగానికి వెళ్లవేమోనని.”

“చెప్పకపోతే వచ్చే వారం ఆ గుడ్డు నేనే పెట్టేదాన్ని. అప్పుడు వీడికి ఊపిరాడకపోతే?”

“అంత దూరం ఆలోచించలేదమ్మా.”

“సరే, పదండి, ముందు డాక్టరుకి చూపిద్దాం. ఇదిగో పెన్ను. ఇకనుంచి వీడి నోట్లోకి ఏది వెళ్లినా మీరే రాయాలి. రాస్తానంటేనే వీణ్ణి మీకు వదిలి వెళ్తాను.”

అత్తగారు కళ్లజోడు సర్దుకుని ‘గుడ్డు’ అని రాసింది. పెన్ను మాత్రం తిరిగివ్వలేదు.

“నిన్నటి అరటిపండు కూడా రాయనా?”