ఈడే ఉండాడులే

అది కాదు మామా, ఇంత పాడుబడిన తోటకు ఇంకా టికెట్టు ఏంటికి పెట్టినారో నాకర్థం కాలేదు. ఏనుగు బొమ్మకు తొండం లేదు. రంగులరాట్నం గుర్రాలకు రంగు పోయి చెక్క బయటపడింది. వంకర అద్దాల గదికి బీగం. బొమ్మ రైలు ఇంకా తిరగతానే ఉండాది గానీ, ఆఖరి పెట్టెకు తలుపు ఊడిపోతే తాడు కట్టినారు. గట్టిగా పట్టుకోండి అని రైలు తోలేవాడు చెప్తాడంట, అంతే.

ఈ తోట కట్టించిన మొదలియారు పోయినాడంట. ఇప్పుడు ఆయప్ప కోడలు కూచోనుండాది టికెట్ల కిటికీ కాడ. నన్ను గుర్తుపట్టలేదు. ఎట్ల పడతాది? మనం వచ్చిన ఏడు డెబ్బై, ఇది ఎనబై ఆరు. అప్పటికి ఆమె ఆ ఇంటికి కాపరానికి రానేలేదు.

నేను పెదాలు కదిలిస్తా ఉంటే పోయేవాళ్ళంతా గోవిందనామాలు చెప్పుకుంటాండాదని అనుకుంటారు. అనుకోనీ. కొండ కింద ఊరు గదా, ముసిలిది ఒంటిగా మాట్లాడుకుంటే ఎవురూ తప్పు పట్టరు. నువ్వు పోయిన ఎనిమిది నెలలకు, నీతో నోరు తెరిచి మాట్లాడేదానికి నాకు ఈ సిమెంటు బెంచీ దొరికింది.

నేను రానంటే రానన్నా మామా. మునిలచ్చిమి వినలేదు. కొండ పైన దాని పిలకాయలిద్దరికీ గుండ్లు కొట్టించి కిందికి దిగినాం. బస్సులో నుంచే వాళ్ళు రైలు చూసి ఏడుపెత్తుకున్నారు. "ఎన్నాళ్ళమ్మా ఈ దోవ తప్పించుకోని తిరిగేది? తొట్టి పూడ్చేసినారంట గదా. నువ్వు జతగా ఉండావు, నాకేం భయం" అనింది నీ కూతురు.

పూడ్చినారు, నిజమే. నా ఎనకే ఉండాది. పడవల తొట్టి ఉన్న చోట కనకాంబరాలేసినారు. మొదలియారు ఆ నెలలోనే మట్టి తోలించినాడంట. ఎంత పూసినాయో చూడు. ఆ ఇంటి ఆడోళ్ళు ఒక్క పువ్వు గూడా తల్లో పెట్టుకోరంట. ఏంటికమ్మా అని అడిగితే, ఏమో అవ్వా, మా అత్త వద్దని చెప్పింది అనింది ఆ కోడలు.

ఆ పొద్దూ ఇట్లే ఎండ. నీకూ, బిడ్డలిద్దరికీ గుండ్లు. మునిలచ్చిమికి ఎనిమిదేండ్లు, చిన్నబ్బకు నాలుగు. తోట నిండా గుండ్లే. మగబిడ్డలు, ఆడబిడ్డలు, తెలుగోళ్ళు, అరవోళ్ళు, అంతా గంధం పూసుకోని ఒకటే మాదిరి ఉండారు. ఎవురి బిడ్డ ఎవురో కన్నతల్లికే తెలీదు ఈడ అని నవ్వినావు నువ్వే. ఆ మాట నువ్వనకుండా ఉంటే బాగుండును.

మునిలచ్చిమి ఏనుగెక్కి తొండం మీద జారతా ఉండాది. నువ్వు చిన్నబ్బ చెయ్యి పట్టుకోని రైలు టికెట్లకు వరసలో నిలబడ్డావు. నేను ఈ బెంచీలోనే కూచోని సద్దిమూట విప్పినా. పులిహోర, చెక్కిలాలు. చిల్లర తీసేదానికి నువ్వు వాని చెయ్యి ఇడిసినావు. మళ్ళా చూస్తే వాడు లేడు.

పరిగెత్తబోయినావు. అంతలోనే నా మీద నమ్మకంతో, ఆణ్నుంచే కేకేసినావు. "ఏమే, చిన్నబ్బ నీకాడికి వచ్చినాడా?"

నేను కిందికి తల తిప్పలేదు మామా. కుడిచేతికంతా పులిహోర. ఎడమచేత్తో తడిమితే మోకాలి కాడ ఒక గుండు తగిలింది. సల్లగా, గంధం తడితో.

"ఈడే ఉండాడులే" అన్నా.

రెండే మాటలు. నువ్వు నెమ్మదిగా పోయి మళ్ళా వరసలో నిలబడ్డావు.

ఎంతసేపు? పావుగంట ఉంటాదా? నువ్వు టికెట్లు తీసుకోనొచ్చి, ఏడీ వాడు, అన్నప్పుడు తల తిప్పినా. ఎవురో అరవోళ్ళ బిడ్డ. మన చెక్కిలం కొరుక్కుంటా, నా మొగం చూసి నవ్వి, ఇంకోటి కావాలని చెయ్యి చాపినాడు. వాడిప్పుడు ఇరవై ఏండ్ల మొగోడై ఉంటాడు. యాడో మీసం దువ్వుకుంటా తిరగతా ఉంటాడు. ఆ పొద్దు నేను తల మీద చెయ్యేసిన సంగతి వానికి గుర్తు గూడా ఉండదు.

తొట్టిలో నీళ్ళు నీకైతే నడుమెత్తే. నాలుగేండ్ల బిడ్డకు ఎంత గావాల? బాతుపడవ ఎనకాల, మొదట గుండే అగుపించింది. గంధమంతా కరిగిపోయుండాది.

జనం మూగినారు. బిడ్డ ఎవురి చేతిలో ఉన్నాడు అని అడిగినాడు పోలీసాయన. నేను రొమ్ము బాదుకుంటా, "ఆయన చేతిలో పెట్టినా సామీ, ఆయనే చెయ్యి ఇడిసినాడు" అన్నా. అబద్ధం కాదు గదా? నిజమే. నిజంలో సగం. నువ్వు ఒక్క తూరి నా పక్క చూసినావు. మళ్ళా తల వంచుకోని, "అవునయ్యా, నేనే ఇడిసినా" అన్నావు.

ఏంటికి మామా అట్ల చేస్తివి? ఆ పొద్దే, మా ఆడది ఉండాడని చెప్తేనే నేను ఎతకలేదు అని ఒక్క మాట అనుంటే అయిపోవును గదా. నన్ను కాపాడినాననుకుంటివా? కాపాడలేదు. పదారేండ్లు నీ పక్కన పండుకోని, ఈ పొద్దు అడుగుతాడు, రేపు అడుగుతాడు అని చూస్తానే ఉండా. నువ్వడగలా. నేను చెప్పలా. నువ్వు మూటలు మోసే చిత్తూరు బెల్లం మండీలో, మూట జారనీడు గానీ కొడుకును జారనిచ్చినాడు చెంగయ్య అని నా ముందరే అన్నారు జనం. నేను కాదని చెప్పలేదు. చెంగులో కాసులు దాచుకున్నట్టు నోరు మూసుకోని ఇంటికొచ్చినా.

వాళ్ళంటే పరాయోళ్ళు. మునిలచ్చిమి? కాన్పుకు పుట్టింటికొచ్చి, బిడ్డను ఒక్కనాడు నీ చేతికియ్యలేదు. నువ్వు చేతులు చాపితే, "వద్దు నాయనా, వాడు నిద్దరపోతాండాడు" అనేది. బిడ్డ కండ్లు తెరుచుకోనే ఉండేవాడు. నువ్వు ఆ చేతులు తువ్వాలకు తుడుచుకోని, ఏదో పనున్నట్టు బయటికి పోయేవానివి. నాకు చిన్నబ్బ కలలోకి రాడు మామా. నీ చేతులే వస్తాయి.

ఈ పొద్దు అల్లుడూ అదీ టికెట్లకు పోతా, పిలకాయల్ని నాకాడ కూచోబెట్టినారు. "నీకాడుంటే నాకు దిగులు లేదమ్మా. నువ్వు నాయన మాదిరి కాదు గదా" అనింది. పెద్దోణ్ణి ఈ పక్క, చిన్నదాన్ని ఆ పక్క కూచోబెట్టుకోని, రెండు గుండ్ల మీదా రెండు చేతులేసుకున్నా. పైన పూసిన గంధం ఎండకు ఎండిపోయి, చేతికి గరగరమంటా పొట్టు రాలతా ఉండె. వాళ్ళు గుర్రాల పక్క చూస్తాండారు.

అప్పుడు మోకాలి కాడ ఇంకోటి తగిలింది.

సల్లగా. తడిగా.

నా రెండు చేతులూ రెండు గుండ్ల మీదే ఉండాయి మామా. మూడోది మోకాలికి ఆనుకోనుండాది. నేను కిందికి చూడలేదు. కనకాంబరాలకు వాసనుండదు గదా? అయినా ఎనకనుంచి వాసనొచ్చింది. గంధం, పాచినీళ్ళు.

మునిలచ్చిమి వరసలో నుంచి కేకేసింది. "అమ్మా, పిలకాయలుండారా?"

అచ్చం నీ గొంతే. నాకు నోరు రాలేదు. మళ్ళా కేకేసింది. మూడో తూరి కేకేసి, వరస ఇడిసిపెట్టి పరిగెత్తుకోనొచ్చింది. చెప్పు తెగితే దాన్ని ఆడే పారేసి వచ్చింది. పిలకాయలిద్దర్నీ తడుముకోని చూసుకోని, "ఉండారని ఒక్క మాట చెప్పలేవామ్మా, నా పానం పోయింది" అనింది.

అప్పుడు చూసినా కిందికి. ఎవురూ లేరు. నా కోక మాత్రం మోకాలి కాడ తడిసుండాది. చిన్నది నీళ్ళు ఒలకబోసిందేమో. అట్లే అనుకుంటా.

"చెప్పలేను పాపా. ఆ మాట నేను ఒక తూరి చెప్పినా. నీ నాయన అడిగితే, చూడకుండా చెప్పినా" అన్నా. ఇంగ ఆగలేదు. అంతా చెప్పేసినా. పరిగెత్తబోయినోనివి నా మాట నమ్మి నిలబడింది, అరవ బిడ్డ, పోలీసాయన ముందర నేను మింగిన సగం, అన్నీ.

ఏడుస్తాదనుకున్నా. తిడతాదనుకున్నా. తిట్టుంటే బాగుండును. కనకాంబరాల పక్క చానాసేపు చూసింది. "నాయన ఒక్కనాడన్నా చెప్పలేదే" అనింది, నాతో కాదు. నీకోసరం ఏడ్చింది మామా, నువ్వు పోయిన నాడు గూడా ఏడవనిది.

మళ్ళా కండ్లు తుడుచుకోని, పిలకాయల చేతులు రెండూ పట్టుకోని లేపింది. చిన్నది, అవ్వ కాడే ఉంటా అని మారాం చేస్తే నేను చేతులు చాపినా.

"వద్దు. అవ్వ అలిసిపోయింది" అనింది.

నేనేం అలిసిపోలేదు మామా.

అదో, ఆడ ఏనుగు నీడన కూచోనుండారు నలుగురూ. రైలు గూడా ఎక్కలేదు. అల్లుడు ఏమైందని అడుగుతా ఉండాడు. నేను చేతులు కొంగుకు తుడుచుకోని, ఈడే కూచోనుండా. నీ చోటు నాకొచ్చింది. రావాల్సిందే, కాకపోతే పదారేండ్లు ఆలస్యంగా వచ్చింది.

చిత్తూరు బస్సుకు ఇంకా గంటుండాది. కొంచెం జరుగు మామా, ఎండ ఈ పక్కకు తిరిగింది.

మోకాలి కాడ మళ్ళా సల్లగా తగలతాండాది. నన్నేం అడగొద్దు, ఉండు. ఈ తూరి కిందికి చూసినాకే చెప్తా.