కన్యకాంబకి ఫిట్ రాయని సిన్నారావు

నువ్వు నమ్మవురా లలితూ. మా అమ్మ మీదొట్టు, ఈ మట్టికప్పులో టీ మీదొట్టు, నానిప్పుడు సెప్పబోయేది నువ్వు సచ్చినా నమ్మవు. నమ్మకపోతే మానీ, ఇను. ఆ ఫైలు బల్ల మీద పెట్టి కూకో ముందు. ఏటి, మీ నాన్న మోకాలి ఆపరేషనుకి నర్సింగ్‌హోమ్ వోలు ప్యాకేజీ రాసిచ్చినారా? బాగుంది. డాక్టర్ని ఏటడిగినావు? ఏటీ అడగనేదా! సంతకం ఎక్కడ పెట్టాలో ఒక్కటే అడిగినావా? హరి హరీ. ఆ మోటారు సైకిలు కొనీటప్పుడు నెల్లాళ్ళు నలుగుర్ని అడిగి, ఫోన్లో బొమ్మలు సూసి, మైలేజీ ఎంత, టైరు ఎంత అని ఊరంతా తిరిగినావు కదరా! సిన్నారావు బతికుంటే నీ నెత్తి మీద సుత్తితో వొకటిచ్చీవోడు. సిన్నారావెవరా? ఈ బెంగాల్ రైల్వే ఊళ్ళో, పూరీ గేట్‌లో పుట్టి సిన్నారావు తెలదంటావు, సిగ్గు నేదేటి? పోనీలే, నీ తప్పు కాదు. ఆయన పోయి పదిహేనేళ్ళయిపోనాది. అప్పుడు నువ్వు నిక్కరేసుకుని గోళీలాడీవోడివి.

సిన్నారావు నిమ్‌పురా యార్డులో బళ్ళు సూసీవోడు. గూడ్సు వొచ్చి ఆగితే సాలు, సేతిలో పొడుగు కర్ర సుత్తి, సెవి ఎనకాల సుద్దముక్క, ఈ సివర్నుంచి ఆ సివరకి ఒక్కో సక్రాన్నీ కొట్టుకుంటూ ఎల్లీవోడు. బాగున్న సక్రం ఠంగ్‌మని పాడతాది. బీటేసిన సక్రం డబ్‌మని మూలుగుతాది. బాగుంటే ఆ బండి పెట్టి మీద సుద్దతో ‘ఫిట్’ అని రాసీవోడు, పాడైతే ‘సిక్’. సిక్ రాసిన పెట్టిని ఇంక జీఎం దిగొచ్చినా కదపడానికి నేదు, పక్క లైన్లో పెట్టీడమే. సలికాలం పొగమంచులో పొద్దున్నే ఆ ఠంగ్ ఠంగ్ క్వార్టర్ల దాకా ఇనిపించీది. మా ఆవిడ ఆ శబ్దానికే లేచి పొయ్యి ముట్టించీది, గడియారం ఎవడిక్కావాల? ఇప్పుడేదీ ఆ శబ్దం? ఇప్పుడన్నీ మిషన్లే సూత్తన్నాయట. మిషను సూత్తాది సరే, సక్రాన్ని పాడిస్తాదేటి? నాను ఆయన ఎనకాల ఇరవై రెండేళ్ళు గ్రీజు డబ్బా మోసినాను గనక సెప్తున్నాను, ఈ డివిజన్లో ఆ సెవికి సాటి సెవి నేదు, నాది తప్ప. నవ్వకు. ఒకపాలి ఒక సక్రాన్ని కొట్టి ‘ఇది బాలాసోర్ దాకా ఎల్తాది, ఆ తరవాత నా పూచీ నేదు’ అన్నాడు. ఆఫీసరు పకపకా నవ్వి, ఈయన సిక్ రాసీలోపే బండి వొదిలీసినాడు. బాలాసోర్ స్టేషన్ బోర్డు కాడికి ఎల్లి, సరిగ్గా ఆ బోర్డు కింద కూలబడిపోనాది! బెత్తెడు ఇటు కాదు, బెత్తెడు అటు కాదు.

మరి ఇలాటోడు ఆస్పత్రుల్లోకి ఎలగొచ్చినాడంటే, ఏబెల్ దొర వొల్ల. ఇంజను డ్రైవరు, తాగితే ఇంగ్లీషు, తాగకపోతే తెలుగు. ఆయనకి నడుం నొప్పొచ్చినాది. బయట పెద్ద డాక్టరెవరో కోసీయాలన్నాడట. తోడు రమ్మంటే సిన్నారావు ఎల్లినాడు. డాక్టరు ఎక్స్‌రే ఫోటో ఎత్తి సూపిస్తా గడగడా సెప్పుకుపోతన్నాడు, దొర గంగిరెద్దులాగ తలూపుతన్నాడు. సిన్నారావుకి ఆగనేదు. యార్డులో పెట్టిని ఏటడుగుతాడో అదే అడిగీసినాడు. ‘అయ్యా, పాడైందేటి? ఇప్పుడు ముట్టుకోకుండా వొదిలీస్తే ఎంత దూరం ఎల్తాది? ఇక్కడే సర్దీయొచ్చా, వర్క్‌షాపుకి పంపాలా? ఏది కొత్తది ఎయ్యాల, ఏది పాతదే సరిపోద్ది?’ ఆ డాక్టరు కుర్చీ ముందుకి లాక్కుని సెప్పినాడట. ‘మూడు వారాలు కదలకుండా పడుకుని సూడొచ్చు. కాలు తిమ్మిరెక్కితే మటుకు పరిగెత్తుకు రావాల. నేకపోతే కొయ్యక్కర్నేదు’ అని. ‘మరీ మాట ముందే సెప్పనేదేటి బాబూ’ అంటే, ‘ఎవరూ అడగరు దాదా, కోసీయండి బేగి కోసీయండి అంటారు’ అన్నాడట. సూసినావా? అడగందే అమ్మైనా పెట్టదని ఊరికే అన్నారేటి?

అక్కడితో ఆగితే బాగుణ్ణు. నడుం తగ్గినాక ఏబెల్ దొర ఏటి సేసినాడు, సొక్కా ఎనకాల సిన్నారావు సేత సుద్దతో ‘ఫిట్’ అని పెద్దక్షరాలు రాయించుకుని, గోల్‌బజారంతా ఊరేగినాడు. ఇంక సూసుకో! మర్నాడు క్వార్టరు ముందు క్యూ. ఒకడు సెయ్యి సాపుతాడు, ఒకడు పొట్ట సూపిస్తాడు. ‘సిన్నారావు మావా, నాకు ఫిట్ రాసీ, ఆపరేషను తప్పిపోద్ది.’ సదువుకున్నోలు కూడా వొచ్చినారు. ఆయన ‘నాను సక్రాల మనిషినిరా, మనుషుల మనిషిని కాదు, అడగడం మీకు నేర్పుతాను గానీ రాయడం నాకు తెలదు’ అని మొత్తుకున్నా ఎవడింటాడు? మనోలికి అడగడమంటే బద్ధకం, రాయించుకోడమంటే సరదా.

ఆ క్యూలోకే వొచ్చినాది కన్యకాంబ. ఆయమ్మని నువ్వు సూసే ఉంటావు, గోల్‌బజార్లో సింతపండు కొట్టు. బెంగాలీలకి కన్యక అని నోరు తిరక్క కొన్నా దీదీ అనీవోరు, దీదీ అంటే అక్క. మొగుడు పోయినాక ఒక్కర్తే ఆ కొట్టు నిలబెట్టింది. ఇజీనారం సింతపండు, నువ్వులనూనె, అప్పడాలు. కొట్టంటే ఆయమ్మకి ఇల్లు, పిల్లలు, దేవుడు, అన్నీ. ఆయమ్మ నోరంటే... ఓలమ్మో. టోకు యాపారి బుట్ట దించి రేటు సెప్తే, ఆయమ్మ ‘ఇందులో పండెంత, పిక్కెంత, ఈనెంత?’ అని మొదలెట్టీది. ఆ మొదటి మాటకే కేజీకి రెండ్రూపాయలు తగ్గీవి. అలాటి మనిషికి ఆరు నెల్ల నుంచి కుడిపక్క డొక్కలో నొప్పి. తక్కెడ ఎత్తినప్పుడు పళ్ళు బిగించి, బేరం మజ్జిలో ఎనక్కి తిరిగి కూకుని, ఎవరికీ సెప్పనేదు. ఆఖరికి నర్సింగ్‌హోముకి ఎల్తే, గాల్ బ్లాడర్లో రాళ్ళు, రేపే సేరిపో, పాతికవేలు కట్టు అన్నారు. పాతికవేలంటే అప్పట్లో కొట్టు అమ్మీడమే. పక్క కొట్టోడు అప్పుడే కొలతలు కూడా తీసుకుపోనాడు. ఆ రాత్రంతా ఆయమ్మకి కొట్టు తాళంచెవి గుప్పిట్లోనే ఉంది. పొద్దున్నే తాల్‌బగీచాలో ఇంటి కాడ్నుంచి రిక్షా ఎక్కి వొచ్చి, అరిచెయ్యి సాపి నిలబడినాది.

‘అన్నయ్యా, ఫిట్ రాసీ.’

సిన్నారావు సుద్దముక్క జేబులో పడీసి, ‘నాను రాయను సెల్లీ’ అన్నాడు. ‘ఏబెల్‌కి రాసినావు!’ ‘ఆడు తాగి రాయించుకున్నాడు.’ ‘అయితే నాను సచ్చిపోవాలా, కొట్టు అమ్ముకోవాలా, ఏదో ఒకటి నువ్వే సెప్పు!’ ‘నాకేటి తెలుసు? తెలిసినోణ్ణి అడుగుదూ గానీ పద. ఒక షరతు. నాను నోరిప్పను. బజార్లో అణా కాడ అరగంట కొట్టుకునీ నోరు నీకుంది కదా, అదెక్కడ పారీసినావు?’

ఎల్లినారు. ఇదిగో ఇక్కణ్ణుంచే నువ్వు నమ్మవు. డాక్టరు బెంగాలీ ఆయన, మంచోడే, కాపోతే బయట యాభైమంది. లోపలికెల్లగానే కన్యకాంబ నోరు పడిపోనాది. తలూపడమే. డాక్టరు ‘రేపు పొద్దున్న’ అన్నాడు, ఊపింది. ‘అడ్వాన్సు’ అన్నాడు, ఊపింది. గోడ కాడ నిలబడ్డ సిన్నారావు, డ్యూటీ నుంచి అలాగే పట్టుకొచ్చిన సుత్తి ఎత్తి నేల మీద ఒక్కటేసినాడు. ఠంగ్! డాక్టరు అదిరిపడి, ‘ఏ కీ దాదా, హాతుడి కేనో?’ అన్నాడు, సుత్తెందుకని. మళ్ళీ ఠంగ్! ఆ దెబ్బకి గోడ మీద క్యాలెండరు రెండు నెల్లు ముందుకెల్లిపోనాది, ఒట్టు. మూడో ఠంగ్‌కి కన్యకాంబ పైట నడుంకి దోపి, ఎదురుగా టోకు యాపారి కూకున్నట్టే కూకున్నాది.

‘డాక్టర్‌బాబూ, రేపే ఎందుకు? వొచ్చే నెల సేయించుకుంటే ఏటవుతాది?’ ఆయన కలం కింద పెట్టినాడు. ఆగొచ్చు, మూడు నాలుగు వారాలు ఆగొచ్చు, నూనె తగ్గించు అన్నాడు. ‘పాతికవేలల్లో కోతకెంత, మంచానికెంత, ఏసీకెంత? నాకు ఏసీ ఎందుకు, నాను సింతపండునేటి, ఎండకి నల్లబడిపోడానికి?’ ఆయన నవ్వీసినాడు. జనరల్ వార్డయితే సగమే అన్నాడు. సర్కారాస్పత్రిలో అయితే కోతకి డబ్బే నేదు, లైను మటుకు ఉంటాది అన్నాడు. ‘ఈ రక్తపరీక్షలు అక్కడ మళ్ళీ సెయ్యాలా?’ అక్కర్నేదు, ఈ కాగితాలే పట్టుకెల్లు. ‘ఈ మాత్రకి సవక తమ్ముడెవడైనా ఉన్నాడా?’ ఉన్నాడట! రాసిచ్చినాడు. పక్క గదిలో ఉన్న నర్సు కూడా వొచ్చి నిలబడిపోనాది.

అప్పుడడిగింది అసలుది. ‘బాబూ, మొత్తానికి కొయ్యకుండా వొదిలీస్తే?’ ఆ మాట కోసమే కదా ఆయమ్మ వొచ్చినాది. ఏబెల్‌కి సెప్పినట్టే తనకీ సెప్తాడని, ఫిట్ అంటాడని. డాక్టరు మెల్లిగా సెప్పినాడు. ‘వొదలకూడదు దీదీ. నీకు కొయ్యాలిసిందే. ఇయాళ కాకపోతే వొచ్చే నెల.’ కన్యకాంబ ఎనక్కి తిరిగి సిన్నారావు మొహంలోకి సూసింది. కళ్ళనిండా నీళ్ళు. కాదని ఒక్కమాట అను అన్నయ్యా అన్నట్టు. సిన్నారావు సుత్తి మళ్ళీ ఎత్తనేదు, గోడకి ఆనించీసినాడు. ఇరవై రెండేళ్ళు సూసినాను ఆయన్ని, పని మజ్జిలో సుత్తి దించీడం అప్పుడొక్కటే ఇన్నాను. అవును ఇన్నానే, నానప్పుడు బయట బెంచీ మీదున్నాను, కర్ర గోడకి టక్‌మని తగిలింది. నా సెవి సంగతి సెప్పినాను కదా.

ఆయమ్మ కళ్ళు తుడుసుకుని మళ్ళీ ఇటు తిరిగింది. ‘సరే బాబూ. లైన్లో ఉంటాను. ఉన్నప్పుడు ఏటి కనిపిస్తే లైను వొదిలీసి పరిగెత్తాలో అదీ సెప్పీయండి.’ సలి జొరం, కళ్ళు పచ్చబడ్డం, ఈ రెండిట్లో ఏదొచ్చినా ఆ పూటే రావాల అన్నాడు. బయటికొచ్చినాక పదిరోజులు సిన్నారావుతో మాటాడనేదు. ‘పాడు సుత్తోడు, ఒక్కమాట అంటే నోరరిగిపోద్దా’ అని కొట్టు ముందు నుంచి ఎల్తే మొహం తిప్పీసుకునీది.

పదకొండో రోజు కొట్లో వొణుకొచ్చినాది. ఎండాకాలం. ఇత్తడి తక్కెడ పళ్ళెంలో మొహం సూసుకుంటే కళ్ళు పసుపు ముద్దలు. సుట్టుపక్కల అందరూ మూగి, ‘కామెర్లు, కొన్నా దీదీ, మంత్రించిన కామెర్ల దండ ఏయించుకో, నెత్తి మీద పెడితే రోగం దిగిపోద్ది’ అని ఒకరు, పసరు తాగమని ఒకరు. పక్క కొట్టోడు మళ్ళీ కొలతలకి తాడు తెచ్చినాడు, దొంగసచ్చినోడు. ఆయమ్మ ఎవరి మాటా ఇననేదు. తాళమేసింది, కాగితాలు సంకలో పెట్టింది, రిక్షా ఎక్కి సర్కారాస్పత్రికి ఎల్లిపోనాది. రెండ్రోజులు మందులెక్కించి కోసినారు. ఒక్కరోజు ఆలస్యమైతే దక్కేది కాదన్నారట అక్కడోలు. ‘నిన్ను ఇంత బేగి ఎవరు పంపినారు?’ అనడిగితే, ‘పంపడానికి నానేటి పార్సిలా? అడిగినాను, తెలుసుకున్నాను, వొచ్చినాను’ అన్నాదట.

సిన్నారావు సూడ్డానికి ఎల్లినాడు, నాలుగు బత్తాయిలట్టుకుని. మంచం మీద కూకుని నర్సుని పట్టుకుని, ఈ మాత్ర దేనికి, తినకముందా తిన్నాకా అని పీకుతన్నాది. ఆ గొంతు వరండాలోంచే ఇని, లోపలికెల్లకుండా బత్తాయిలు గుమ్మం కాడ పెట్టీసి వొచ్చీసినాడు మా పిచ్చి మారాజు. అదేటి అంటే, ‘ఠంగ్‌మంటన్నాదిరా, ఇంక నానెందుకు?’ అన్నాడు.

ఏటి, అబద్ధమంటావా? కన్యకాంబ ఇంకా ఉంది, ఎనభై దాటినాది, కొట్లోనే కూకుంటాది, పక్క కొట్టు కూడా ఆయమ్మే కొనీసింది. ఎల్లి అడుగు. సిన్నారావా, ఏ సిన్నారావు, నాతో ఎవరూ రానేదు, నానొక్కర్తినే అడిగినాను అంటాది. ముప్పైమంది ముందు నాతోనే అలా అన్నాది. మరైతే ఆ గదిలో నేల మీద ఠంగ్‌మన్నదేటిరా? ఎల్లు. ఆ సుత్తి నేదని రుజువు సేసి రా, నా మీసం తీసి నీ సేతిలో పెడతాను.