బైండింగులోకి పోయిన పూలతోట

అన్యాయం జరిగింది ఎవరికి? మన గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే కౌంటరు వద్ద జీవితంలో సగభాగం గడిపి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న మన స్టాంపక్కగారికి. ఎలా జరిగింది? ఆమె స్వహస్తాలతో రంగులద్ది ఆరబెట్టుకున్న కాగితాలను మన బైండరుగారు పుస్తకాల అట్టల లోపల అతికించివేశారు. అభినందన సంచికలో ఈ ఫిర్యాదు ఏమిటని ఎవరైనా అడగవచ్చు. న్యాయం తేలకుండా వేసిన పూలమాల మెడకు బరువే తప్ప గౌరవం కాదని మా కాన్వెంటులో నేర్చుకున్నాను. కనుక ముందు విచారణ, తరువాత మాల.

ఆమె ఉద్యోగంలో చేరినది 1994వ సంవత్సరం జూన్ ఒకటవ తేదీన. అప్పుడు ప్రధాన గ్రంథపాలకురాలిని నేను. తిరిగి ఇవ్వవలసిన తేదీని ముద్రించమని మొదటి పుస్తకం చేతికిస్తే, ఆమె వేసిన స్టాంపు దెబ్బకు పక్కనున్న సిరాబుడ్డి మూత ఎగిరిపడింది. ఆ పేరు అప్పుడు వచ్చినదే. పాఠకుని ముఖం చూసి పుస్తకం ఎంచి ఇవ్వడంలోనూ, గడువు దాటినవారిని నొప్పించకుండా మందలించడంలోనూ ఆమెకు సాటి రాగలవారిని నా పదవీకాలంలో నేను చూడలేదు.

నడివయస్సులో ఆమెకు చిత్రకళపై మనస్సు మళ్ళింది. రంగు కాగితాల ముక్కలు, గుడ్డపీలికలు, దారాలు కలిపి పూలచిత్రాలు అతికించే విద్యను నేర్పే ఆదివారపు తరగతిలో చేరారు. మొదటి గులాబీని సిబ్బంది గదిలో అందరికీ చూపించగా, “క్యాబేజీ భలే కుదిరింది అక్కా!” అన్నారు వాచ్‌మన్‌గారు. పువ్వును ముందే గీయకూడదనీ, మొదట కాగితాలకు నచ్చిన రంగులు వేసి ఆరబెట్టుకుని, ఏ కాగితం ఏ రేకు అవుతుందో ఆ తరువాత చూసుకోవాలనీ తరగతిలో చెప్పారట. ఆ పద్ధతి పట్టుబడిన నాటి నుండి ఆమె గులాబీలు గులాబీలైనాయి.

అప్పుడే ఆమె ఒక సంకల్పం చేశారు. మేడమీది ఇరుకు గదులకు మారిన తల్లిగారు, వెనుకటి ఇంటి ముంగిట తాను పెంచిన పూలను తలచుకోని రోజు లేదు. ఆ పూలన్నిటినీ ఒకే అట్టపై నిలపాలని తల్లీకూతుళ్ళు కలిసి కాగితాలకు రంగులు వేశారు. ఆకుల కోసం పచ్చరంగు కలుపుతూ, “ఇంకాస్త పసుపు వెయ్యవే, మన ఆకు మరీ అంత ముదురు కాదు,” అని తల్లిగారు సరిదిద్దారు. తడి ఆరకముందే స్టాంపక్కగారు తల్లి దువ్వెనను కాగితంపై లాగి ఆకు ఈనెలు తెప్పించారు. ఇంట్లో చోటు చాలక, కాగితాలన్నిటినీ మన బైండింగు గది బల్లపై ఆరబెట్టారు.

తనిఖీకి అధికారులు రానున్నారన్న హడావుడిలో మన బైండరుగారు బల్లంతా ఖాళీ చేశారు.

“నా కాగితాలేవయ్యా?” అని ఆమె అడిగారు.

“అవి మీవా అక్కా! కొత్త సరుకు వచ్చిందనుకున్నా. ఎంత బాగున్నాయో అని ఏరి ఏరి పుస్తకాల లోపల వేసేశా!”

“కాస్త ఏరకుండా ఉండాల్సింది నాయనా.”

ఆమె అన్నది అంతే. తీర్పు నేను చెప్పవలసి వచ్చింది: బాగున్న పుస్తకాన్ని చింపరాదు, పాతబడి మళ్ళీ బైండింగుకు వచ్చినప్పుడు ఆ కాగితాన్ని జాగ్రత్తగా ఊడదీసి ఆమెకు అప్పగించవలెను.

బైండరుగారు మాట తప్పలేదు. నవలలు త్వరగా చిరిగాయి. ఎరుపు, పసుపు, ఊదా ఒక్కొక్కటే ఇల్లు చేరి రేకులైనాయి. పచ్చ కాగితం మాత్రం ‘కాలువల మరమ్మతు విధానాలు’ అనే లావుపాటి గ్రంథంలో చిక్కుకుంది. దానిని ఏ పాఠకుడూ ముట్టడు. అది ఏ కాలానికీ చిరగదు. ఈలోగా తల్లిగారి చూపు మందగించింది. కొత్త పచ్చ కలిపితే అది సరైనదో కాదో చెప్పగలవారు లేరు. పూలన్నీ ఆకులు లేకుండా నిలిచిపోయాయి.

ఆమె విరమణ దగ్గర పడిన వేళ, “అమ్మగారూ, ఒక్క బ్లేడు చాలదా?” అని, ఇప్పుడు పాఠకురాలిగా వచ్చిపోయే నన్ను అడిగారు వాచ్‌మన్‌గారు.

“చింపితే నేరం,” అన్నాను.

“మరి చదివితే?” అన్నారు బైండరుగారు.

“చదవడానికే కదా గ్రంథాలయం.”

మొదట నేనే సభ్యత్వపు కార్డుపై దానిని తీసుకున్నాను. నా తరువాత సిబ్బంది అందరూ వంతులవారీగా చదివారు. గట్టుకు గండి పడితే ఏం చేయాలో నేడు మన గుమాస్తాలకు సైతం కంఠస్థం. ఆ గ్రంథం వచ్చిన ప్రతిసారీ కౌంటరు వద్ద స్టాంపు మామూలుకన్నా గట్టిగా పడిందని వినికిడి. దానిపై నేను విచారణ జరపలేదు. చివరకు అట్ట తనంతట తానే ఊడింది. బైండరుగారు తడిగుడ్డతో జిగురు నానబెట్టి, కాగితాన్ని చిరుగు లేకుండా లేపారు.

మొన్న ఆదివారం వారింటికి నేనూ బైండరుగారూ వెళ్ళాము. స్టాంపక్కగారు ఆకులు కత్తిరించి అతికించారు. తల్లిగారు వ్రేళ్ళతో తడిమి, ఒక ఆకు వద్ద ఆగారు.

“ఇవి నా దువ్వెన పళ్ళేనే!”

“అవునమ్మా. ఇక నేనేం బాకీ లేనుగా?” అన్నారు బైండరుగారు, కళ్ళు తుడుచుకుంటూ.

“నువ్వు లేవులే. దువ్వెనకి రంగంటించింది ఇదిగో, ఇది!” అని ఆమె కూతురి చెవి మెలిపెట్టారు.

స్టాంపక్కగారూ, సిరా మరకల స్థానంలో ఇక మీ వ్రేళ్ళకు రంగులే అంటుగాక. వణకని చేతులతో, మసకబారని చూపుతో, పక్కన తల్లిగారి గదమాయింపులు వింటూ మీరు చిరకాలం సుఖంగా జీవింతురు గాక. నా తీర్పు మొన్నటితో పూర్తిగా అమలైంది. తోటలో ఒక్క ఆకు కూడా తక్కువ లేదు.